పామర్రుకు రాని సముద్రం

గవర్నర్‌పేటలో మా అపార్ట్‌మెంటు పక్కనున్న పాత లాడ్జి పడగొట్టి, సెల్లారుతో కొత్త బిల్డింగు కడుతున్నారు. పొద్దున కాఫీ తాగేసరికి మిషన్ల మోత మొదలవుతుంది. మొన్న సోమవారం మాత్రం మోతకంటే ముందు వాసన వచ్చింది. పై మట్టి దాటి, పసుపు మట్టి దాటి, అడుగునున్న బూడిదరంగు బంకమట్టి దాకా వెళ్ళినట్టున్నారు. మోటారు పెట్టి ఆ బురద నీళ్ళు రోడ్డు మీదికి తోడేస్తుంటే ఆటోవాళ్ళు తిట్టుకుంటూ పక్కకి తిప్పుకుంటున్నారు. తడిగా, కాస్త ఉప్పగా, మురిగిన ఆకులు కలిసినట్టుండే వాసన. మా ఆయన ముక్కు మూసుకుని, "ఆ కిటికీ వేసెయ్యవే, ఏం కంపు ఇది" అన్నారు. నేను వెయ్యకపోగా రెండో రెక్క కూడా బార్లా తెరిచాను. ఆయన నా వంక ఓ చూపు చూసి, పేపరు చంకలో పెట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళ కాపురంలో నా బురద పిచ్చి ఆయనకి అలవాటైపోయింది. అది నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఎస్తేరు మేడం అంటించి వెళ్ళారు.

డాక్టర్ ఎస్తేరు రాణి మా కాలేజీలో జియాలజీ చెప్పేవారు. పొట్టి మనిషి. నూనె రాసి బిగించి వేసిన ముడి, నేత చీర, కాళ్ళకి మాత్రం మగవాళ్ళ కాన్వాసు బూట్లు. నేను కెమిస్ట్రీలో సీటు రాక, ఏడుపు మొహంతో జియాలజీలో చేరినదాన్ని. మొదటి క్లాసుకి ఆవిడ స్టీలు క్యారేజీ పట్టుకొచ్చి బల్ల మీద పెట్టారు. భోజనమేమో అనుకున్నాం. మూత తీస్తే బురద. వెనక బెంచీలో నవ్వులు. ఆవిడ నవ్వనిచ్చారు. అందరూ ఊరుకున్నాక, "ఇది ఏ నీళ్ళ బురదో చెప్పండి చూద్దాం. మంచినీళ్ళదా, ఉప్పునీళ్ళదా?" అన్నారు. ఎవరో కుర్రాడు, "నోట్లో వేసుకుంటే తెలుస్తుందండీ" అన్నాడు. "వేసుకో నాయనా, ప్రాక్టికల్ మార్కులు నీవే" అన్నారావిడ. వాడు బిక్కచచ్చిపోయాడు. తర్వాత ఆ బురదలో కొంచెం తీసి జల్లెడలో కడిగి, మిగిలినదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి ఒక్కొక్కళ్ళనీ చూడమన్నారు. ఇసుక రేణువుకంటే చిన్న గుల్లలు. కొన్ని నత్తలా చుట్టుకుని, కొన్ని జంతిక ముక్కల్లా, కొన్ని ముత్యాల్లా. ఉప్పునీళ్ళలో బతికే, కంటికి ఆనని జీవులు చచ్చిపోయాక వదిలేసిన ఇళ్ళు అవి. శిలాజాలంటే రాక్షసబల్లుల ఎముకలే అనుకునేదాన్ని. ఒక చెంచా బురదలో ఇంత ఊరు ఉంటుందని తెలిశాక కెమిస్ట్రీ కోసం మళ్ళీ ఏడవలేదు.

ఎమ్మెస్సీ అయ్యాక ఆవిడ దగ్గరే పీహెచ్‌డీలో చేరాను. పని ఏమిటంటే, డెల్టాలో సముద్రం ఏ కాలంలో ఎందాకా ఉండేదో బురదలోని ఆ చిట్టి గుల్లల్ని చూసి చెప్పడం. పామర్రు బస్సెక్కి, ఏదో ఒక ఊరి దగ్గర దిగి, పొలం గట్ల మీద నడిచి, చేత్తో తిప్పే ఇనప తొలికతో భూమిలోకి తొలిచి మట్టి తీసేవాళ్ళం. ఇద్దరాడవాళ్ళు చేలో నిలబడి గొట్టం తిప్పుతుంటే చూడ్డానికి జనం చేరకుండా ఉంటారా. ప్రతి ఊళ్ళోనూ అదే ప్రశ్న. "ఏవండీ మేడంగారూ, పెట్రోలు పడిందా అండీ?" నాకు ఒళ్ళు మండేది. ఆవిడకి ఎక్కడ లేని ఓపిక. "పడితే నీ చేలోనే పడుద్దిలేవయ్యా. ఇంకో రెండు మూరలు తిప్పనియ్యి" అనేవారు. ఆ రైతు నవ్వుతూ తొలిక తను అందుకుని తిప్పేవాడు. సాయంత్రానికి ఎవరో ఒకరు మజ్జిగ తెచ్చేవాళ్ళు. మాదీ పామర్రు పక్క పల్లెటూరే, మేం ఉన్నవాళ్ళమే, అయినా ఆ చేలల్లో నాకంటే ఆవిడకే చనువెక్కువ. ఆవిడ పుట్టింది ఆ చుట్టుపక్కల ఒక క్రైస్తవుల పేటలో. వాళ్ళమ్మ ఆ చేలల్లోనే నాట్లు వేసిన మనిషి. ఆ మాట ఆవిడ దాచుకున్నదీ లేదు, పనిగట్టుకుని చెప్పిందీ లేదు.

ఆవిడ ప్రచురించిన పేపర్లు ఏమంత ఎక్కువ కావు. చిన్న కాలేజీ. పాఠాలు, పరీక్షలు, ఇన్విజిలేషన్లు, ఇవన్నీ పోగా మిగిలిన టైములో రాసినవి. వాటిలో చాలావాటిని రాసినావిడ, నేను, ప్రూఫులు దిద్దినాయన తప్ప ఎవరూ చదివి ఉండరు. ఒక్కటి మాత్రం ప్రపంచమంతా తిరిగింది. ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పామర్రు దగ్గర కాలవ వెడల్పు చేస్తుంటే, గట్టు కోసిన చోట తెల్లగా గుల్లల పొర ఒకటి బయటపడింది. కంటికి బాగా కనబడే పెద్ద గుల్లలే, సముద్రపు పాయల్లో పెరిగే రకం. ఆవిడ వాటిని విదేశాల్లోని లేబొరేటరీకి పంపి వయసు కట్టించారు. దాన్నిబట్టి, సముద్రం అందరూ అనుకున్నదానికంటే చాలా ఆలస్యంగా అక్కణ్ణుంచి వెనక్కి తగ్గిందని రాశారు. పెద్ద పత్రికలో అచ్చయింది. అప్పట్నుంచి డెల్టాల మీదా సముద్ర మట్టాల మీదా ఎవరు రాసినా, "ఫలానా ఎస్తేరు రాణి ఇలా చెప్పింది" అని తమ పేపర్లో తలుచుకోవాల్సిందే. అలా తలుచుకోవడాన్నే సైటేషన్ అంటారు. ఎన్ని ఉంటే పరిశోధకులకి అంత పరపతి.

ఆవిడకి ఆ సైటేషన్లంటే ఎంత ముచ్చటో చెప్పలేను. పొద్దున డిపార్ట్‌మెంటుకి రాగానే బ్యాగు భుజాన ఉండగానే కంప్యూటరు తెరిచి, లెక్క పెరిగిందా లేదా చూసుకునేవారు. పెరిగితే ఆ రోజు అందరికీ తొక్కుడు లడ్డు. అది మా డిపార్ట్‌మెంటు ఆచారమైపోయింది. "తినండి, నార్వేవాళ్ళు తలుచుకున్నారు" అంటూ ఆకులో పెట్టి ఇచ్చేవారు. ఎగ్జామ్స్ టైములో కూడా మానలేదు. ఒకసారి నేను, "ఇంత మురిసిపోతున్నారేంటి మేడం, నలుగురూ నవ్వుకుంటారు" అన్నాను. "నవ్వుకోనియ్యి. నాకు పొగడ్త ఇష్టమమ్మాయ్. వేడన్నంలో నెయ్యి ఎంత ఇష్టమో అంత ఇష్టం. ఇష్టం లేదనేవాళ్ళని నమ్మబోకు" అన్నారు. ఆవిడలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. పెద్దమనిషి వేషం వేసేవారు కాదు.

ఇంకో కోరిక కూడా అంత బాహాటంగానే ఉండేది. ఆవిడ గది తలుపు మీద పేరు కింద "అసోసియేట్ ప్రొఫెసర్" అని ఉండేది. ఆ అసోసియేట్ అన్న మాట పోవాలి. అంతే. ఏళ్ళ తరబడి ఆ హోదా ఏదో ఒక వంకతో వాయిదా పడుతూ వచ్చింది. "మా పేటలో నన్ను ఇంకా టీచరమ్మ అనే పిలుస్తారే. ప్రొఫెసరమ్మ అనిపించుకుని దిగిపోవాలి" అనేవారు. రిటైరయ్యే వయసు దగ్గరపడుతుండగా యూనివర్సిటీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఇదే ఆఖరి అవకాశమని అందరికీ తెలుసు. పేపర్లు ఎన్నో చూస్తారు, సైటేషన్లు ఎన్నో చూస్తారు. పేపర్లు తక్కువైనా ఆ ఒక్క పామర్రు పేపరు చాలు, వచ్చేసినట్టే అని మా హెడ్ ప్రసాదరావుగారు కూడా అన్నారు. మేడం మంగళగిరి చీర కూడా కొనుక్కున్నారు. తెలుపు మీద సన్నని జరీ అంచు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నా పని అడ్డం తిరిగింది. నా థీసిస్సు ఆ పామర్రు పేపరుకి కొనసాగింపు. ఆ గుల్లల పొర ఇంకా లోపలికి ఎంత దూరం పోయిందో వెతకాలి. దానికి ముందు, అసలు చోట దొరికిన మట్టిలో ఏయే చిట్టి గుల్లలున్నాయో తెలిస్తే తతిమ్మా చోట్ల పోల్చుకోవచ్చు కదా అనుకుని, మేడం స్టోరు రూములో ఊరగాయ సీసాల్లో దాచి ఉంచిన పాత మట్టి తీసి కడిగాను. సముద్రపు గుల్లల మధ్య ఇరుక్కున్న మట్టి. దాన్నిండా ఆ చిట్టి గుల్లలు కిటకిటలాడుతుండాలి. ఒక్కటీ లేదు. మళ్ళీ కడిగాను. లేదు. మేడంతో చెబితే, "జల్లెడ మార్చావా? నీళ్ళు జోరుగా కొట్టుంటావు, అన్నీ కొట్టుకుపోయుంటాయి" అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "మీరే కడుక్కోండి" అని సీసా ఆవిడ ముందు పెట్టి బయటికి వచ్చేశాను. గురువుతో అలా మాట్లాడే దమ్ము నాకు ఆవిడే ఇచ్చారు కాబట్టి చెల్లింది.

క్యాంటీనులో టీ తాగి, కోపం దిగాక తిరిగొచ్చేసరికి ఆవిడ మైక్రోస్కోపు మీద వంగి ఉన్నారు. చాలాసేపు తల ఎత్తలేదు. తర్వాత లేచి నన్ను కూర్చోమన్నారు. చూస్తే సన్నటి నత్త గుల్లలు రెండు మూడు. వరి చేలల్లో, పంట బోదెల్లో ఉండేవి. మంచినీటి నత్తలు.

"సముద్రంలో ఇవెందుకున్నాయి మేడం?" అన్నాను.

"ఇవి సముద్రంలో ఉండవు" అన్నారు.

"మరి అప్పట్లో మీరు ఈ మట్టి చూడలేదా?"

"చూడలేదే. తెల్లగా మెరిసే గుల్లలు చూసి మురిసిపోయాను. వాటికి వయసు కట్టించాను, కొలతలు తీశాను, ఫొటోలు తీశాను. వాటి మధ్యనున్న మట్టిని మాత్రం కడగలేదు." ఆ తర్వాత కళ్ళజోడు తీసి కొంగుతో తుడుస్తూ కూర్చున్నారు. ఎంత తుడిచినా ఆ అద్దాలు శుభ్రం కానట్టే ఉంది ఆవిడ వాలకం.

మర్నాడే పామర్రు వెళ్ళాం. కాలవ గట్టు దిగువన ఇప్పుడు చేపల చెరువు. దాని యజమాని మంచివాడు, తవ్వుకోండి అన్నాడు. గుల్లల పొర తేలిగ్గానే దొరికింది. ఈసారి ఇద్దరం నిదానంగా చూశాం. అన్నీ బొటనవేలంత గుల్లలే. పిల్ల గుల్లలు లేవు, ముసలి గుల్లలు లేవు, ఎవరో ఏరి పోసినట్టు ఒకే సైజు. మేడం చీర కుచ్చెళ్ళు దోపుకుని పొర కింద ఇంకా లోతుకి చేత్తోనే గీకసాగారు. ఏదో గట్టిగా తగిలింది. తీసి నీళ్ళలో ముంచి కడిగితే, ఇటిక ముక్క.

సముద్రం వదిలిపోయిందనుకున్న గుల్లల కింద ఇటిక. ఇక చెప్పేదేముంది. నేను ఆ ముక్క చేతిలో పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడిపోయాను. మేడం గట్టు మీద చతికిలబడి, చెరువు వైపు చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టారు. నాతో చెబుతున్నారో తనకి తానే చెప్పుకుంటున్నారో తెలియలేదు.

"మా చిన్నప్పుడు చర్చి కట్టారు. గోడలకి గుల్ల సున్నం. సముద్రం వైపు నించి పడవలమీద గుల్లలు తెచ్చి, కాలవ గట్టున గుట్టలు పోసేవాళ్ళు. పాత దిబ్బలు తవ్వి తీసిన గుల్లలు. అక్కడే బట్టీ పెట్టి కాల్చేవాళ్ళు. మా అమ్మ సున్నం నూరే గానుగ దగ్గర తట్టలెత్తేది. నేనూ ఎత్తాను. చేతులు పొక్కితే కొబ్బరినూనె రాసేది మా అమ్మ. కాలవ గట్టున గుల్లలు ఎట్టా వస్తాయో నాకంటే ఎవరికి తెలుసే? ఇక్కడా ఎప్పుడో ఒక బట్టీ ఉండుంటుంది. మిగిలిన గుల్లలు మట్టిలో కూరుకుపోయాయి. నేనొచ్చి, సముద్రం అన్నాను."

"అప్పుడు గుర్తు రాలేదా మేడం?"

"రాలేదు. ఆ బూట్లు వేసుకుని ఈ గట్టు దిగేటప్పటికి నేను జియాలజిస్టుని. సున్నం మోసిన పిల్లని కాదు. ఆ పిల్లని కూడా వెంటబెట్టుకొచ్చుంటే ఒక్క నిమిషంలో చెప్పేది."

నాకు ఆవిడ భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది. వేశాను. ఆవిడ తోసెయ్యలేదు. తిరుగు బస్సు దిగేటప్పుడు, "రేపు తొందరగా రా. పత్రికవాళ్ళకి రాయాలి, ఆ పేపరు తప్పని" అన్నారు.

ఇంటర్వ్యూకి ఇంకా నెల కూడా లేదు. ప్రసాదరావుగారు విషయం విని హడలిపోయారు. ఆవిడంటే ఆయనకి అభిమానమే, అందుకే హడల్. కుర్చీ జరుపుకుని ఆవిడకి ఎదురుగా కూర్చుని బతిమాలారు. "మేడం, రాయొద్దనడం లేదండీ నేను. ఇంటర్వ్యూ అయ్యాక రాయండి. ఇన్నేళ్ళు అట్టాగే ఉంది కదా ఆ పేపరు. ఇంకో నెల ఉంటే ఎవరి కొంప మునుగుద్దండీ?" నేను కూడా ఆయన పక్షమే. "అవును మేడం, ఆ పేపరు తీసేస్తే లోపల వాళ్ళు ఏం చూసి ఇస్తారు? ఒక్క నెల. తర్వాత నేనే టైపు చేసి పంపిస్తాను" అన్నాను.

ఆవిడ మా ఇద్దరి మాటా పూర్తిగా విన్నారు. "నెల ఆగితే ఎవరికీ ఏం కాదు, నిజమే" అన్నారు. "కానీ ఆ పేపరు చూపించి ఆ హోదా తెచ్చుకున్నాననుకోండి. తలుపు మీద ప్రొఫెసర్ అని రాయించుకుంటాను. మా పేటలో దండేస్తారు. ఆ తర్వాత కూర్చుని ఆ పేపరు తప్పని రాయమంటే నాకు చెయ్యి వస్తుందా ప్రసాదరావుగారూ? రాదు. ఇవాళ తలనొప్పి అంటాను, రేపు పరీక్షలంటాను, అట్టా దాటేస్తాను. నన్ను నేను ఎరుగుదునండీ. పొగడ్తంటే పడి చచ్చే మనిషిని. చెయ్యి వచ్చేది ఇప్పుడే."

ప్రసాదరావుగారు కుర్చీ వెనక్కి జరుపుకుని లేచారు. నాకు మాత్రం పట్టరాని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆ ఇటిక మీదేమో. ఆ మధ్యాహ్నం ఆవిడ చెబుతుంటే నేను టైపు చేశాను. ఆవిడ రెండు వేళ్ళతో కొడితే తెల్లారిపోయేది. గుల్లల వయసు సరైనదే గానీ అవి అక్కడ పుట్టినవి కావనీ, మనుషులు తెచ్చి పోసినవనీ, కాబట్టి ఆ కాలంలో అక్కడ సముద్రం లేదనీ, తన పాత పేపర్లోని నిర్ణయం చెల్లదనీ. ఎక్కడా మెత్తని మాట వాడనివ్వలేదు. "బహుశా" అని నేను ఒకచోట కలిపితే తీసేయించారు. రాసినవారి పేర్ల దగ్గర తన పేరు పక్కన నా పేరు పెట్టించారు. "మట్టి కడిగింది నువ్వు" అన్నారు. పంపించు అన్నప్పుడు నా వేలు ఒక్క క్షణం ఆగింది. ఆవిడ నా వేలి మీద తన వేలు పెట్టి నొక్కారు.

ఇంటర్వ్యూ అయిన సాయంత్రం బస్టాండుకి ఎదురెళ్ళాను. మంగళగిరి చీర నలిగిపోయింది. ఏమైందని అడగలేక, ఆకలేస్తోందా అని అడిగాను. గవర్నర్‌పేటలో ఒక టిఫిను హోటల్లో కూర్చున్నాం. పునుగులు తింటూ చెప్పుకొచ్చారు. "ఒకాయన చాలా మర్యాదగా, 'మేడం, మీ పామర్రు పేపరు మా పిల్లలకి పాఠంగా చెబుతున్నామండీ' అన్నాడు. రేపట్నుంచి మానెయ్యండి, అది తప్పు, సరిచేసి పంపించాను అన్నాను. అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఇంకొకాయన నవ్వాడు. 'అది తీసేస్తే మరి మీకు మిగిలేదేంటండీ?' అన్నాడు."

"మీరేమన్నారు?"

"మిగిలినవి మిగిలాయండీ అన్నాను. ఏమనాలి మరి?" ఇంకో పునుగు చట్నీలో ముంచి, "బస్సులో ఏడ్చానే పద్మా. పక్కనున్నావిడ, ఎవరన్నా పోయారా అమ్మా అని అడిగింది" అన్నారు.

ఆ మాటకి నాకు దుఃఖం ఆగలేదు. హోటల్లో నలుగురూ చూస్తున్నా వెక్కి వెక్కి ఏడ్చాను. "నువ్వెందుకే ఏడవడం, పోయింది నాదైతే" అని మందలించి, ఇంకో ప్లేటు పునుగులు చెప్పారు. చట్నీ బాగుందని రెండోసారి అడిగి వేయించుకున్నారు కూడా. కొన్నాళ్ళకి ఫలితం వచ్చింది. హోదా రాలేదు. ఆవిడ అసోసియేట్ ప్రొఫెసర్‌గానే రిటైరయ్యారు. నా థీసిస్సు మొదట్నుంచి మళ్ళీ మొదలైంది. నాకు దాని బాధ లేదు. ఆవిడ గది ఖాళీ చేసిన రోజు ప్యూను వచ్చి ఆ పేరు పలక విప్పుతుంటే నేను అక్కడ నిలబడలేకపోయాను.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఆ సవరణ అచ్చయ్యాక కూడా పాత పేపరు ఆగలేదు. అదేం చోద్యమో, తప్పు పేపర్ని అందరూ తలుచుకుంటూనే ఉన్నారు, సవరణ మాత్రం ఎవరి కంటా పడలేదు. ఒకరు తలుచుకున్నది చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి మరొకరు. అసలు పేపరు తెరిచి చూసేదెవరు. రిటైరయ్యే ముందు ఒకరోజు ఆవిడ కంప్యూటరు తెరిచి, "మళ్ళీ పెరిగింది" అన్నారు. పాత సంబరం లేదు ఆ గొంతులో. ఆ రోజు లడ్డు రాలేదు. ఆవిడ ఆ రాసినాయన అడ్రసు వెతికించి నా చేత మెయిలు కొట్టించారు. అయ్యా, మీరు నా పేపరు తలుచుకున్నందుకు సంతోషం, కానీ అది తప్పు, సరైనది ఇదిగో. అప్పట్నుంచి అదే పద్ధతి. ఎవరు తలుచుకుంటే వాళ్ళకి మెయిలు. కొందరు థాంక్స్ చెప్పేవాళ్ళు. కొందరు, అయ్యో, ఇప్పటికే అచ్చయిపోయిందే అనేవాళ్ళు. చాలామంది జవాబే ఇచ్చేవాళ్ళు కాదు. ఒక మహానుభావుడు, మీ పేపరు మీద మీకు నమ్మకం లేకపోయినా నాకుంది అని రాశాడు. అది చదివి ఆవిడ పడీ పడీ నవ్వారు. ఇంటర్వ్యూ తర్వాత ఆవిడ అంతగా నవ్వడం అదే మొదలు.

రిటైరయ్యాక ఊరెళ్ళిపోయినా ఫోనులో అడుగుతూనే ఉండేవారు. "ఎవరన్నా తలుచుకున్నారా? రాశావా?" ఆఖర్న బెజవాడలో ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను రోజూ వెళ్ళేదాన్ని. మాట బాగా సన్నగిల్లిపోయింది. ఒకరోజు కళ్ళు తెరిచి అదే అడిగారు. బ్రెజిల్‌లో ఎవరో తలుచుకున్నారు మేడం, అన్నాను.

"రాశావా?"

"రాశాను."

"ఏమన్నారు?"

"ఇంకా జవాబు రాలేదండీ."

"వస్తుందిలే. తొందరేముంది" అన్నారు. మర్నాటికి ఆవిడ లేరు. వాళ్ళ ఊరి చర్చి పక్కనే మట్టి చేశారు.

ఇప్పుడు నేనూ ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. నాకూ పేపర్లున్నాయి, నా సైటేషన్లు ఎన్నో చూసుకునే మనసు మాత్రం ఎప్పుడూ పుట్టలేదు. ఆవిడవి చూస్తాను. పాత పేపర్ని ఎవరో ఒకరు తలుచుకుంటూనే ఉన్నారు, నేను రాస్తూనే ఉన్నాను. మా అమ్మ తర్వాత అంతటి మనిషి నాకు ఆవిడ. అలాంటి మనిషి తప్పు చేసిందని దేశదేశాల వాళ్ళకీ విన్నవించుకోవడం, నాకు ఆవిడ అప్పగించిపోయిన పని. ఎవరన్నా ఇంత ప్రేమించిన మనిషి గురించి చేసే పనేనా ఇది అని ఒక్కోసారి విసుగొస్తుంది. అయినా రాస్తాను. రాయని రోజు ఆవిడ పోయినట్టనిపిస్తుంది.

ఈ మధ్య గన్నవరం దగ్గర ఒక కాలేజీలో సెమినారు జరిగితే నన్ను అధ్యక్షురాలిగా కూర్చోబెట్టారు. ఒక రీసెర్చి అమ్మాయి స్టేజీ మీదికొచ్చి డెల్టా గురించి మాట్లాడింది. గొంతులో వణుకు లేదు, పని కూడా బాగా చేసింది. తెర మీద బొమ్మ వేసి, "సముద్రం పామర్రు దగ్గర ఇంత కాలం ఉందని డాక్టర్ ఎస్తేరు రాణి నిరూపించారు" అంది. ఆ పేరు పైకి వినడం ఎన్నాళ్ళయిందో. అయినా మైకు దగ్గరికి లాక్కుని, "అమ్మా, ఆ నిర్ణయం తప్పు, అది తీసేసి మళ్ళీ లెక్క చూసుకో" అన్నాను.

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. తల వంచుకుంటుందనుకున్నాను, వంచుకోలేదు. "క్షమించండి మేడం. ఆ రోజుల్లో, ఏ వసతీ లేకుండా, మన చిన్న కాలేజీలో కూర్చుని అంత పని చేశారావిడ. డెల్టా మీద రాసినవాళ్ళందరూ ఆవిణ్ణి తలుచుకున్నారు. నేను జియాలజీలోకి వచ్చిందే ఆవిడ పేరు చూసి. అంత మనిషిని తప్పు అని మీరు ఎలా అనేస్తారండీ?"

నాకు కోపం రావాలి, రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎస్తేరు మేడం పక్షాన నిలబడి ఒక పిల్ల నాతో పోట్లాడుతోంది. ఈ పోట్లాట విని ఉంటే ఆవిడ ఎంత మురిసిపోయేవారో నాకు తెలుసు. మురిసిపోయాక ఏం చెప్పమనేవారో కూడా తెలుసు.

"నేను అనలేదమ్మా" అన్నాను. "ఆవిడే అన్నారు. నేను పక్కన కూర్చుని టైపు చేశాను."